ఎనభై ఒక్క ఫ్రేములు

2003 మే 6, మంగళవారం

ఈ రోజు నుంచి నేను ఎడిటర్ని. సత్తెనపల్లి చరిత్రలో ఇది నమోదు కావాలి కాబట్టి డైరీ మొదలుపెట్టాను. బి.ఎస్సీ. కంప్యూటర్స్, సెకండ్ క్లాస్, రెండేళ్ళ నిరీక్షణ, చివరికి పట్టాభిషేకం. సింహాసనం ప్రేమదాసు మాస్టారి వీడియో స్టూడియోలో ప్లాస్టిక్ కుర్చీ.

మాస్టారు కొత్త కంప్యూటర్ తెచ్చారు. కెమెరా నుంచి దానికి ఒక సన్నటి కేబుల్ తగిలిస్తే టేపులో ఉన్నదంతా హార్డ్ డిస్క్‌లోకి వస్తుంది. దాన్ని క్యాప్చర్ అంటారు. ముందు బొమ్మకి బదులు అడ్డగీతలు వచ్చాయి. మాస్టారి ముఖం వాడిపోయింది. నేను డాక్టరు నాడి పట్టినట్టు సెట్టింగ్స్ తెరిచి ఎన్‌టీఎస్‌సీ తీసేసి పాల్ పెట్టాను. అంటే అమెరికా పద్ధతి మాన్పించి మన పద్ధతి నేర్పాను. బొమ్మ వచ్చింది.

ఉస్మాన్ భాయ్ నా వీపు మీద ఒక్కటి చరిచి, చూశారా మాస్టారూ, మా మార్కు కాలేజీలో ఊరికే తిరగలేదు అన్నాడు. ఆయన ఈ స్టూడియో కెమెరా పద్దెనిమిదేళ్ళుగా మోస్తున్నాడు. నన్ను ఇక్కడ పెట్టించింది కూడా ఆయనే.

మే 13

ఖుర్షిదా గారి అమ్మాయి షిరీన్ పెళ్ళి టేపులు మూడు వచ్చాయి. వాళ్ళది ఉస్మాన్ భాయ్ వీధే. ఆయనే తీశాడు.

నిఖా టేపు పెట్టాను. అయిదు నిమిషాలకోసారి కంప్యూటర్ క్యాప్చర్ ఆపేసి, ఫ్రేములు పడిపోయాయి అని చెబుతోంది. ఒక సెకనుకి ఇరవై అయిదు బొమ్మలు. డిస్క్ అందుకోలేకపోతే మధ్యలో కొన్ని వదిలేస్తుంది, వాటిని ఫ్రేములు పడిపోవడం అంటారు. ఎందుకు అందుకోలేకపోతోందో నాకు తెలుసు. అదే డిస్క్‌లోకి నేను నూట అరవై సినిమా పాటలు ఎక్కిస్తున్నాను.

పాటలు ఆపాలి. లేదా కంప్యూటర్ నోరు మూయించాలి. ఫ్రేములు పడితే ఆపు అని ఒక గడి ఉంది. దానిలో టిక్ తీసేశాను. ఇక ఒక్క మాట అనలేదు. పెళ్ళాం అలిగినట్టు నిశ్శబ్దంగా మొత్తం క్యాప్చర్ చేసింది.

మే 14

పాటలన్నీ ఎక్కాయి.

మే 23

సీడీలు ఇచ్చాం. మెనూలో గులాబీలు తిప్పాను. ఖుర్షిదా గారు బాబూ, చల్లగా ఉండు అంది. ఉన్నాను. స్టూడియోలో ఏసీ ఉంది.

మే 25, ఆదివారం, ఉదయం 11

రాయాలనిపించడం లేదు. రాస్తున్నాను.

ఖుర్షిదా గారు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. నిన్న వియ్యాలవాళ్ళని పిలిచి సీడీ వేశారట. నిఖా దగ్గర ఖాజీ గారు ఈ పెళ్ళి సమ్మతమేనా అని అడిగారు. పెళ్ళికొడుకు యూసుఫ్ పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆ మౌనంలోనే అందరూ ఖర్జూరాలు చల్లడం మొదలుపెట్టారు. ఖర్జూరాలు గాల్లో ఉండగా కబూల్ అని గొంతు వినపడింది.

యూసుఫ్ మేనత్త జైతున్‌బీ, చూశారా, మావాడికి మనసు లేదు, నలుగురిలో బలవంతాన అనిపించారు అందట. నవ్వుతూనే అందట. షిరీన్ లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుందట.

మాస్టారు తల పట్టుకుని, ఇది ఎవరి నిర్వాకం అన్నారు. ఉస్మాన్ భాయ్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను ఆలోచించలేదు. నా నోరు దానంతట అదే తెరుచుకుంది. టేపులోనే అలా ఉంది సార్, షూటింగ్‌లో ఏదో తేడా జరిగింది అన్నాను. డాక్టరు గొంతుతో.

ఉస్మాన్ భాయ్ నా వంక చూడలేదు. చేతిలో కెమెరాని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నాకేం అర్థం కావట్లేదు మాస్టారూ అన్నాడు. పద్దెనిమిదేళ్ళయినా అర్థం కాకపోతే ఇంకెప్పుడు భాయ్ అన్నారు మాస్టారు.

మధ్యాహ్నం 3

అందరూ భోజనానికి వెళ్ళాక చూశాను. టిక్ తీసినా కంప్యూటర్ లెక్క మానలేదు. ఎక్కడో ఒక మూలన ఫైల్‌లో రాసి పెట్టుకుంది. నిఖా అయ్యేదాకా పడిపోయిన ఫ్రేములు: ఎనభై ఒకటి. శబ్దం మొత్తం ఉంది, బొమ్మలు ఎనభై ఒకటి లేవు. బొమ్మ ముందుకి పరిగెత్తింది, మాట మూడు సెకన్లు వెనకబడింది.

టేపుని కెమెరాలో పెట్టి టీవీలో చూశాను. యూసుఫ్ పెదవి, యూసుఫ్ మాట ఒకేసారి. ఖర్జూరాలు తర్వాతే.

మే 26

మళ్ళీ క్యాప్చర్ చేస్తే అంతా సరిగా వస్తుంది. అప్పుడు టేపు మంచిదని తెలిసిపోతుంది. అందుకని శబ్దాన్ని కత్తిరించి మూడు సెకన్లు ముందుకి జరిపాను. కొత్త సీడీ ఇచ్చాం. కెమెరా తప్పుని కూడా కంప్యూటర్లో దిద్దాడయ్యా మా మార్కు అని మాస్టారు టీ కొట్టు దాకా చెప్పుకున్నారు.

ఉస్మాన్ భాయ్‌ని రేపటి నుంచి రావొద్దన్నారు.

మే 28

మా స్టూడియో రివాజు ఒకటుంది. సీడీ చేరాక టేపు ఖాళీ. దాని మీద కొత్త ఫంక్షన్ తీస్తారు. ఖాళీ అని చీటీ రాసి అంటించడం నా పని.

రేపు దర్శిలో చర్చి శంకుస్థాపన. కొత్త కెమెరామన్ టేపులు అడిగాడు. నిఖా టేపు నా చొక్కా జేబులో ఉంది. రెండు రోజులుగా అక్కడే పెట్టుకుని ఏదో చేస్తాననుకుంటున్నాను. చీటీ రాశాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. ఇచ్చేశాను.

మే 30

అన్నం తినేటప్పుడు అమ్మ, ఏరా, రెండు రోజులుగా ఒక్క వేళాకోళం లేదు, జ్వరమా అంది.

జూన్ 4

ఉస్మాన్ భాయ్ వచ్చాడు. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ బస్తాల మీద నంబర్లు వేస్తున్నాడట. వేళ్ళకి నల్ల రంగు. మనిషి చుట్టూ ఘాటు. నాకు తుమ్ములొచ్చాయి, ఆయన నవ్వాడు.

కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు. ఒరేయ్ మార్కూ, నువ్వు చదువుకున్నోడివి. ఆ రోజు నేనేం తప్పు చేశానో కాస్త చెప్పరా. ఎవరైనా మళ్ళీ కెమెరా చేతికిస్తే అదే తప్పు చేస్తానేమోనని భయంగా ఉంది. మనవరాలి ఫోటో తియ్యాలన్నా కెమెరా పక్కవాళ్ళకే ఇచ్చేస్తున్నాను.

నేను కెమెరా హెడ్‌కి దుమ్ము పట్టి ఉంటుంది అన్నాను. పది నిమిషాలకోసారి తుడవాలి అన్నాను. ఆయన జేబులోంచి చిన్న కాగితం తీసి రాసుకున్నాడు.

రాసుకున్నాడు.

జూన్ 6

మాస్టారికి చెప్పేశాను. తలుపు వేసి, నిలబడి, మొత్తం. పాటలు, గడి, ఎనభై ఒకటి.

ఆయన ముందు నవ్వారు. నీ వేషాలు ఆపవయ్యా అన్నారు. నా ముఖం చూసి నవ్వు ఆపి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పని పోయినవాడి కోసం తప్పు నీ మీద వేసుకుంటున్నావు, నీది పెద్ద మనసయ్యా మార్కు అన్నారు. లెక్క ఉన్న ఫైల్ చూపిద్దామని వెతికాను. డిస్క్ నిండిందని పోయిన వారం నేనే పాత ప్రాజెక్టులు చెరిపేశాను. ఏమైనా మిగిలి ఉంటుందేమోనని ఆ నిఖా టేపే వేశాను. దర్శి పాస్టర్ గారు రాయి మీద నూనె పోస్తూ ప్రార్థిస్తున్నారు. పెదవి, మాట చక్కగా కలిశాయి.

మాస్టారు నా భుజం తట్టారు. నా జన్మలో ఎవరూ నన్ను మంచివాడనలేదు. ఇవాళ అన్నారు.

జూన్ 8, ఆదివారం

ఖుర్షిదా గారింటికి వెళ్ళాను. ఉస్మాన్ భాయ్‌ని కూడా పిలిపించమన్నాను. షిరీన్, యూసుఫ్ ఉన్నారు. చెప్పాను. ఒక్క జోకు కూడా వెయ్యకుండా చెప్పడం ఎంత సేపు పడుతుందో నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఎవరూ నవ్వలేదు. ఖుర్షిదా గారు, రేపు నేనే వచ్చి మీ మాస్టారితో మాట్లాడతా, ఆడపిల్ల తల్లిని నేను చెబితే నమ్మడా అంది.

ఉస్మాన్ భాయ్ జేబులోంచి ఆ కాగితం తీసి నా ముందు పెట్టాడు. లేచాడు. వెంటపడి, భాయ్, నువ్వు కూడా రేపు రా, నీ పక్కన నిలబడి మాస్టారికి మళ్ళీ చెబుతా అన్నాను.

ఆ రోజు నీ పక్కనే నిలబడ్డాను కదరా అన్నాడు.

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.