పారేసినవీ, ఆరేసినవీ

అమ్మా,

భోజనం మూతపెట్టి ఉంచాను. తిన్నాకే సూది పట్టుకో.

పారేసిన బట్టలతో బొమ్మలు కుడతానన్నావు, సంతోషం. కానీ నా నీలం డ్రైవర్ యూనిఫారం పారేసింది కాదు, ఆరేసింది! దండెం మీద తడి ఆరకముందే నీ గోడబొమ్మలో సముద్రమైపోయింది. పైగా పక్కింటి పిన్నితో, "పాత గుడ్డకి ప్రాణం పోశాను" అని గొప్పలొకటి. నా ప్రాణం తీసి పోశావని కూడా చెప్పాల్సింది. ఇవాళ పువ్వుల చొక్కాతో బస్సు నడపాలి. మేనేజర్ అడిగితే, యూనిఫారం సముద్రంలో కలిసిపోయిందని చెప్తాను.

నేనొచ్చేదాకా కిటికీ తెరల జోలికి వెళ్లకు.

అన్నట్టు, పొద్దున ఆ కుట్లన్నీ విప్పేద్దామని కత్తెర తీశాను. చేతులు రాలేదు. అంత బాగా ఎందుకు కుట్టావే?