చివర ‘ఉంటానండీ’ తీసేయండి

ఏవండీ,

షాపు తెరవకముందే, ఫోన్ చేసినవాళ్ళకు వినపడేలా మీరు రికార్డు చేసిన మాటలు మార్చండి. "కాస్త లైన్లో ఆగండి, నేనూ ఇక్కడే ఉంటానండీ" అని మర్యాదకే అన్నారు, కాదనను. కానీ చివర ‘ఉంటానండీ’ వినగానే అవతలివాళ్ళు "సరేనండీ" అని పెట్టేస్తున్నారు. సోమవారం నుంచి ఒక్క కుట్టుమిషనూ రిపేరుకు రాకపోతే ఎదురు షాపువాడి కుట్ర అన్నారు కదా, కుట్ర కాదు, మీ మర్యాదే. ఇందాక పాల దగ్గర టైలరమ్మ నన్ను పట్టుకుంది. "మూడుసార్లు చేశానమ్మా! మూడుసార్లూ మీ ఆయనే సెలవు తీసుకున్నారు. ఇంకోసారి చూసి ఎదురు షాపులో ఇచ్చేస్తా" అంది. బడులు తెరిచే నెల, యూనిఫాంలు కుట్టీ కుట్టీ మిషన్లన్నీ ఇప్పుడే మొరాయిస్తాయి.

"ఆగండి, వస్తున్నా" అంటే చాలు. వంటింటి తలుపు మూసి చెప్పండి, లేకపోతే కుక్కర్ కూత కూడా రికార్డులో పడుతుంది. మీ అక్కయ్యను మాత్రం సలహా అడక్కండి, ఆవిడ కుశలప్రశ్నలన్నీ చేర్పిస్తారు. ముందు టైలరమ్మకు మీరే ఫోన్ చేయండి. నాకు బస్సు టైమైంది.

మరిచిపోయాను. నిన్న నేనూ షాపుకి ఫోన్ చేశాను, రికార్డులో మీ గొంతు రేడియోలో వార్తలు చదివేవాళ్ళలా ఉందని చెబుదామని. మీరు ‘ఉంటానండీ’ అన్నారు. పాతికేళ్ళ అలవాటు, "ఊఁ, సరే" అని నేనూ పెట్టేశాను.