నీ లెక్కల పాఠాలకు రెండు డిస్కులు

సుధా,

ఆ రోజు పొద్దున టిఫిన్ తిన్నాక ఛాతీలో బరువుగా ఉందన్నావు. ఆటోలో నా భుజం మీద తల వాల్చావు. ఆసుపత్రికి చేరేసరికి నువ్వు లేవు. ఇవాళ్టికి ఏడాది.

మన కంప్యూటర్ హార్డ్ డిస్క్ వారం నుంచి టిక్కుటిక్కుమంటోంది. నువ్వు బడి పిల్లల కోసం రికార్డు చేసిన లెక్కల పాఠాలు అందులో తప్ప ఇంకెక్కడా లేవు. సాయంత్రం శంషాబాద్ బస్టాండ్ దగ్గరి షాపుకు కంప్యూటర్ తీసుకెళ్లి, తక్కువ ధరలో ఎప్పటికీ పాడవని పెద్ద డిస్క్ ఒకటి కావాలన్నాను.

“పాడుగాని డిస్కు ఇంకా పుట్టలే సార్,” అని షాపతను నవ్వాడు. “గంత పెద్దది ఒక్కటెందుకు? అవే పైసల్ల చిన్నయి రెండొస్తయి. ఒకటి మీ ఇంట్ల, ఒకటి చుట్టాలింట్ల పెట్టుండ్రి.”

రెండూ కొన్నాను. పాఠాలన్నీ రెండింటిలోకీ ఎక్కించాడు. ఒకటి రాజేంద్రనగర్‌లో మీ చెల్లెలికి ఇస్తాను.

డబ్బులు తీసుకుంటూ, “ఇంటికి పోయి తెరిచి చూడుండ్రి సార్. మొత్తం ఆడితేనే కాపీ అయినట్టు,” అన్నాడు.

తల ఊపాను. ఈ ఏడాదిలో నీ గొంతు వినే ధైర్యం చేయలేదని అతనికి చెప్పలేదు. పాఠం మధ్యలో, మన ఇంటి మీదుగా విమానం వెళ్లేదాకా ఆగి, “ఆఁ, ఎక్కడున్నాం?” అని పిల్లల్ని అడుగుతావు. అక్కడికొచ్చేసరికి నేనేమవుతానో తెలియదు.

రేపు పొద్దున మీ చెల్లెలి ఇంటికి బయలుదేరే ముందు, మొదటి పాఠం పెట్టి చివరిదాకా వింటాను.