తొంగున్నమ్మ ముందు మోటారు ఆపాలి

9 మార్చి 1928, శుక్రవారం. సాలూరు

మా మేనేజరు సూర్యనారాయణకి మతి పోయింది. ఈ ముక్క రాసుకుంటే గాని నాకు అన్నం సయించేలా లేదు.

పద్దెనిమిదేళ్ళుగా ఈ నాటకాల కంపెనీలో రాణి వేషం నాదే. బిడ్డని నిద్రపుచ్చి రాజ్యం విడిచి వెళ్ళిపోయే సీనులో విజయనగరం విజయనగరమంతా ఏడ్చింది. సర్వేశ్వరరావు అంటే ఎవరికీ తెలీదు, రాణి సర్వేశం అంటే చాలు. ఇప్పుడేమో పెట్రోమాక్సు లైట్లు వచ్చాయి. ఆ వెలుతురులో రెండో అంకానికల్లా నా చెంపల మీద గడ్డం నీలంగా తేలుతోందట. అందుకని గంగాభవాని అనే అసలు ఆడమనిషిని తెచ్చిపెట్టాడు. బొబ్బిలి మనిషి, పెళ్ళిళ్ళలో పాడుతుంది. గొంతు బాగుంటుంది, కాదనను. స్టేజీ మాత్రం ఎక్కి ఎరగదు.

జయపురం తిరనాళ్ళలో మొదటి ఆటకి రాణి ఎవరో దారిలో ఆలోచించి చెబుతానన్నాడు. నీకు రాజమాత వేషం ఉండనే ఉంది కదా అని ఓదార్పు ఒకటి. రాజమాతట! నాకింకా నలభై నిండలేదు.

సాయంత్రం ఆమె వచ్చి, రాణి నడక కాస్త నేర్పండి అన్నయ్యగారూ అని అడిగింది. తలనొప్పిగా ఉందన్నాను. తలనొప్పీ లేదు, పాడూ లేదు.

10 మార్చి, శనివారం. ఘాటు రోడ్డు

పొద్దున్నే మోటారు కొండెక్కింది. లోపల మేమంతా, పైన తెరలు, పెట్టెలు, కిరీటాలు. పొగమంచులో ముందు రోడ్డు నాలుగు గజాలు కనిపిస్తే గొప్ప. ఒక వంపు దగ్గర డ్రైవరు సోములు ఉన్నట్టుండి ఇంజను ఆపేసి, వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టాడు. దిగండి బాబూ, ఇక్కడ తొంగున్నమ్మ ఉన్నాది, తోసుకుపోవాల అని గుసగుసగా అన్నాడు. ఎవరు పడుకున్నారయ్యా నడిరోడ్డు మీద అనబోయి పైకి చూశాను.

మంచులో ముక్కు కనిపించింది. మా వీధి అరుగంత ముక్కు.

మంచు కొంచెం జరిగేసరికి అరచేతిలో పెట్టుకున్న చెంప, మూసిన కళ్ళు, ఈతాకులు గుచ్చిన రెప్పవెంట్రుకలు కనిపించాయి. రోడ్డు పక్కన మట్టితో చేసిన ఆడమనిషి, ఒత్తిగిలి పడుకుని ఉంది. తల ఈ వంపులో ఉంటే పాదాలు అవతలి వంపులో ఉన్నాయి. నడుము ఇంటి కప్పంత ఎత్తు. ఒంటి మీద రెల్లుగడ్డి దుప్పటి. నేను నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్ళు మేం కట్టిన సెట్టింగులన్నీ బొమ్మలాట అనిపించింది.

సోములు చెప్పింది ఇదీ. రోడ్డు తవ్విన కొత్తలో ఏటా వానలకి ఇక్కడ కొండ జారేదట. జారిపడ్డ మట్టినే పై ఊరి ఆడవాళ్ళు మనిషిగా మలిచి, జోలపాడి పడుకోబెట్టారట. అప్పటినించీ కొండ కదల్లేదు. ఈమె లేచిందా, కొండా లేస్తుంది. అందుకే ఎడ్లబళ్ళవాళ్ళు ఇక్కడ ఎడ్ల మెడగంటల్లో గడ్డి కుక్కుతారు. మోటారైతే ఇంజను ఆపాలి. ఎంతటివాడైనా గొంతు తగ్గించాలి.

నాటకాలవాళ్ళకి చెప్పవలసిన మాటేనా అది! అయినా తోశాం. మేనేజరు కూడా పంచె ఎగ్గట్టి తోశాడు. పాదాలు ఇంకాస్త దూరంలో ఉన్నాయనగా చక్రం గాడిలో పడి ఫెళ్ళుమంది. అందరం వెనక్కి తిరిగి ఆమె కళ్ళకేసి చూశాం. లేవలేదు. విరిగింది మా మోటారు చక్రం మీది కమాను.

కొత్త కమాను కోసం సోములు బండెక్కి సాలూరు దిగాడు. అది వచ్చేదాకా తొంగున్నమ్మ పాదాల దగ్గరే మకాం. రిహార్సలు లేదు, పద్యం లేదు, హార్మోనియం పెట్టె మూతకి తాళం.

10 మార్చి, సాయంత్రం

గంగాభవాని జంతిక కొరకడానికి భయపడి చప్పరిస్తోంది. నాకు నవ్వాగలేదు. కడుపు పట్టుకుని దూరంగా పరిగెత్తాను.

11 మార్చి, ఆదివారం

చలి కాదు, పిశాచం. తెల్లవారుతూనే గడ్డం గీసుకుని (ఎక్కడున్నా ఇది మానను), వేషాల పెట్టెలోంచి రాణిగారి పట్టుచీర తీసి నిండా కప్పుకున్నాను. జడ ఎలాగూ నాదే, సవరం పెట్టే ఖర్మ నాకు పట్టలేదు.

అప్పుడే పై ఊరినించి ఆడవాళ్ళు దిగారు. తలల మీద ఎర్రమట్టి తట్టలు. వానలకి ముందు ఏటా తొంగున్నమ్మకి కొత్త మట్టి మెత్తుతారట. అది ఆడవాళ్ళ పని. మగాళ్ళు నీళ్ళూ గడ్డీ అందించి పక్కకి తప్పుకుంటారు. వాళ్ళకి పెద్ద యర్రమ్మ అనే ముసలామె. నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. ఏటమ్మీ అలా సూత్తన్నావు, బేగి రా, మట్టి ఆరిపోతాది అంది. ఆ పక్కనున్న గుంటని కూడా రమ్మను అంది.

ఆ గుంట, అంటే ఆ పిల్ల, గంగాభవాని. ఆమె నాకేసి చూసింది, యర్రమ్మకేసి చూసింది. పెదాలు వణికాయి. ఇప్పుడు పకాలున నవ్వి, ఈయన మగాడమ్మా అంటుందనుకున్నాను. అనలేదు. చీర కుచ్చెళ్ళు దోపుకుని నా వెనకే వచ్చింది.

ఇంక నేను ఆగుతానా? వెళ్ళాను. గుసగుసలకి మగగొంతు, ఆడగొంతు అని తేడా ఉండదు. పొద్దు వాలేదాకా మోచేతుల వరకూ మట్టి పూసుకుని తొంగున్నమ్మ భుజం మీద కూర్చున్నాను. చుట్టూ ఆడవాళ్ళు రహస్యంగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకామె మొగుడి గురక గురించి. ఒకామె పాలు మాన్పించిన పిల్లడి గురించి, రొమ్ముల సలుపు గురించి. నన్ను చూసి ఎవరూ మాట ఆపలేదు. మంచులో కింద రోడ్డు లేదు, మోటారు లేదు, మేనేజరు లేడు. ఎర్రటి భుజం ఒకటే తేలుతోంది, దాని మీద మేం.

ఇంత బాగా ఏ స్టేజీ మీదా కుదరలేదు నాకు. చప్పట్లే లేవు.

12 మార్చి, సోమవారం

సోములు రాలేదు, కమాను రాలేదు. మంచు మాత్రం వచ్చింది.

అదే రోజు, పొద్దువాలాక

తొంగున్నమ్మ వీపు వెనకనించి గంగాభవాని నీళ్ళకుండతో రావడం చూశాను. ఎవరూ చూడ్డం లేదనుకుంది. పాదం ముందు వేలి మీద ఆన్చి, ఆగి, మెడ తిప్పకుండా రెండో అడుగు. నా నడక! నేర్పనంటే దొంగిలిస్తుందా? ఒళ్ళు మండిపోయింది. అడుగు వేసే ముందు ఊపిరి పీల్చాలని మాత్రం తెలీదు దానికి. చెబుదామని రెండుసార్లు లేచి మళ్ళీ కూర్చున్నాను.

13 మార్చి, మంగళవారం

ఈ రోజుది సరిగ్గా రాయగలనో లేదో.

ఒళ్ళంతా అయింది. కనురెప్పలు మిగిలాయి. వాటికి మెత్తే మట్టి వేరే, వెన్నలా ఉంటుంది. కొత్తగా వచ్చిన ఆడమనిషి చేత మెత్తిస్తే మంచిదట, తొంగున్నమ్మకి కొత్త చెయ్యి హాయిగా ఉంటుందట. యర్రమ్మ ఆ ముద్ద నా ముందు పట్టుకుంది. గంగాభవాని కంటే నేను పెద్దదాన్ని కదా. అప్పుడు అడిగింది, నీ సేత్తో పిల్లని తొంగోబెట్టినావు కదా అమ్మీ అని. పిల్లని నిద్రపుచ్చిన చెయ్యే కావాలట.

తల ఊపితే సరిపోయేది. పద్దెనిమిదేళ్ళుగా కర్రబొమ్మని ఒళ్ళో పెట్టుకుని జోకొడుతున్నాను, ఊళ్ళకి ఊళ్ళు నమ్మాయి. ఈ ముసలామె నమ్మదా? ఇదొక్కటీ చేసేస్తే నాకంటే ఆడది ఈ కంపెనీలో లేదని మేనేజరు మొహం మీద అనెయ్యొచ్చు. చెయ్యి చాపాను కూడా. ముద్ద చల్లగా తగిలింది.

అప్పుడు గంగాభవానిని చూశాను. ఆమె నన్ను చూడ్డం లేదు. ఆ మూసిన కళ్ళనే చూస్తోంది. బొబ్బిలిలో వాళ్ళమ్మ దగ్గర మూడేళ్ళ కూతురిని వదిలి వచ్చిందని, ఆ పిల్ల నిద్రపోయాక బండెక్కిందని మొన్న మోటారులో ఎవరితోనో అంటే విన్నాను. విని ఊరుకున్నాను. నాకెందుకు అనుకున్నాను.

లేదని తల అడ్డంగా ఊపాను. ముద్ద తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె నిచ్చెనెక్కి రెప్ప మీద మట్టి పెట్టి అరచేత్తో తట్టింది. మెల్లిగా, ఇంకా మెల్లిగా. పెదాలు కదులుతున్నాయి, పాట పైకి రావడం లేదు. చివర చెయ్యి తీసిందో తియ్యలేదో నాకు తెలియలేదు. తట్టడం ఆగిందని పిల్లకి తెలియకూడదు, అదీ సంగతి. నేనిన్నాళ్ళూ ఆఖరి బెంచీవాడికి కనపడాలని తట్టాను. చెయ్యి ఎత్తి, గాజులు ఘల్లుమనేటట్టు.

ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్క వెధవైనా చెప్పలేదేం నాకు? ఏడుపు చప్పుడు కాకూడదు కనక చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. యర్రమ్మ పక్కన కూర్చుని, నీకూ కలుగుతారులే అమ్మీ, ఏడవకు అని వీపు రాసింది.

14 మార్చి, బుధవారం

కమాను వచ్చింది. పాదాలు దాటి రెండు వంపులు తోశాక సోములు హ్యాండిలు తిప్పాడు. ఇంజను అరిచింది, మేమందరం ఒక్కసారి అరిచాం. ఎవరేం అంటున్నారో ఎవరికీ తెలీదు, అయినా అరిచాం.

ఆ గోలలోనే మేనేజరుకి చెప్పాను, రాణి వేషం గంగాభవానికి ఇమ్మని. గుండె మీదినించి బండ దిగినట్టు నిట్టూర్చాడు వెధవ. నేనే కాదంటానని భయపడుతున్నాడట. రాజమాత వేస్తానన్నాను. రాజమాతకి గడ్డం కనిపించినా ఎవడూ పట్టించుకోడు.

మధ్యాహ్నం మోటారు చల్లారడానికి ఆపినప్పుడు ఆమెని రోడ్డు మీద నడిపించాను. ఊపిరి తల్లీ, ముందు ఊపిరి, తరవాత అడుగు అని గొంతు చించుకున్నాను. పాతిక సార్లు తిట్టాను. ఆమె నవ్వుతూ మళ్ళీ మళ్ళీ నడిచింది.

ఆమె నడుస్తుంటే అసూయ పుడుతూనే ఉంది. మందేమీ లేదు దీనికి.

17 మార్చి, శనివారం. జయపురం

బిడ్డని నిద్రపుచ్చే సీను. జనాన్ని చూసి గంగాభవాని బెదిరిపోయింది. చెయ్యి తడుతోంది, పద్యం రావడం లేదు. తెరచాటునించి నేనందుకున్నాను. ఆమె పెదాలు నా గొంతుకి కదిలాయి. జనం చూసింది ఆమెని, విన్నది నన్ను. వన్స్ మోర్, వన్స్ మోర్ అని కేకలు.

నోరు తెరిచాను. అప్పటికే ఆమె పాడుతోంది.