విట్లో గారి బొటనవేలు

అమ్మకు,

కొలంబస్ పెద్దాసుపత్రి నాలుగో అంతస్తులో పరాయి ఊరి రోగులను కాచుకుంటున్న నీకు, టానర్స్ ఫోర్క్ లోయ నుంచి నీ కొడుకు కోల్బీ టోపీ తీసి, మోకరిల్లి, ముందుగానే క్షమాపణ వేడుకుంటూ రాయునది. ఈ ఉత్తరంలో ఒక ప్రజాప్రతినిధి పట్ల అమర్యాద, మీ అమ్మ నోటి దురుసు, అడవి ఉల్లి కంపు, కొంత రక్తం ఉన్నాయి. పందొమ్మిదేళ్ళు నర్సుగా చేసినదానివి, రక్తం నీకు కొత్త కాదు. మిగతా వాటికి సిగ్గుతో కుమిలిపోతున్నాను. (కుమిలిపోవడం లేదు.) ఇక్కడ మేమంతా క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను. ఈ ముక్క ఆచారం కొద్దీ రాశాను, నిజం కింద ఉంది.

ఫోను మానేసి ఉత్తరాలేమిట్రా అని అడిగావు. ఫోనులో అయితే మధ్యలోనే తిడతావు. ఉత్తరమైతే చివరిదాకా ఆగక తప్పదు. తింటున్నానా అన్నావు, తింటున్నాను. ఉద్యోగం దొరికిందా అన్నావు. రాజనీతి శాస్త్రంలో పట్టా పుచ్చుకున్న నేను ప్రస్తుతం వార్డ్ మామయ్య పొలానికి కంచె వేస్తున్నాను. పట్టా చూపించమని ఆయన ఇంతవరకూ అడగలేదు.

మన క్లినిక్ మళ్ళీ తెరుస్తారా అన్నది నీ అసలు ప్రశ్న. తెరవరు. గడువు తీరిన పల్లె క్లినిక్కుల నిధిని వాషింగ్టన్ వాళ్ళు ఆరు వారాలకోసారి పొడిగిస్తున్నారు. ఆరు వారాల భరోసా మీద ఏ డాక్టరు సంసారం సర్దుకుని ఈ కొండల్లోకి వస్తాడు? అందుకే బెల్‌బరోలోని పెద్ద క్లినిక్ తన తల కాపాడుకోవడానికి చిటికెన వేలు లాంటి మనల్ని కోసేసింది. నువ్వూ, డాక్టరు పనంతా చేసే పెద్ద నర్సు రోండా, రిజిస్టరు బల్ల దగ్గరి నేనూ ఒకే మధ్యాహ్నం ఉద్యోగాలు పోయి ఇళ్ళకు చేరాం. ఆ నిధిని పూర్తిగా పునరుద్ధరించే బిల్లుకు అప్పుడు అడ్డంగా చేయెత్తినవాడు గ్యారిసన్ విట్లో, మన ఓట్లతో గెలిచిన పెద్దమనిషి. ఫిబ్రవరి నుంచి నేను ఆయన మీద తీర్చుకోబోయే పగలు ఊహించుకుంటూనే నిద్రపోతున్నాను. వాటిలో ఒకదానిలో ఎలుగుబంటి కూడా ఉంది.

ఎలుగుబంటి అవసరం లేకుండానే ఆయనే వచ్చాడు.

పోయిన శనివారం ఫైర్‌హాలులో ర్యాంపుల విందు. ఈ ఏడు ఆ అడవి ఉల్లి ఎంత ఘాటంటే, పాస్టరు గారు ప్రార్థనకు నోరు తెరవగానే ముందు వరుస ఖాళీ అయింది. అమ్మమ్మ పుండుకాలితోనే వచ్చి బంగాళాదుంపలు వేయించింది. విట్లో గారు ఫోటోగ్రాఫరుతో దిగాడు. తిని పోతే సరిపోయేది. కానీ మనలో ఒకడిగా కనిపించాలి కదా, చొక్కా చేతులు మడిచి, ఆడవాళ్ళ పక్కన కూర్చుని ర్యాంపులు తరగబోయాడు. కత్తి వైపు చూడకుండా కెమెరా వైపు చూశాడు. బొటనవేలు ఎముక దాకా తెగింది.

రోండా వంటగుడ్డతో బిగించి కట్టింది. "కుట్లు పడాలి. చాలా లోతుగా ఉంది."

"ఇక్కడ దగ్గర్లో క్లినిక్ ఏదీ లేదా?" అన్నాడాయన.

రెండు వందల మంది ఒక్కసారిగా తల తిప్పి, కిటికీలోంచి రోడ్డవతల తాళం వేసిన మన తలుపు వైపు చూశారు. అమ్మా, ఆ క్షణాన్ని చట్రం కట్టించి గోడకు తగిలించుకునే వీలుంటే నా పట్టా తీసేసి ఆ మేకుకే తగిలించేవాణ్ణి.

ఆయన కారు నలభై ట్రక్కుల వెనక బురదలో ఇరుక్కుంది. ఎవరూ బండి తీయడానికి లేవలేదు. బీన్స్ వేడిగా ఉన్నాయట. కట్టు మార్పించడానికి అమ్మమ్మను నేనెలాగూ బెల్‌బరో తీసుకెళ్ళాలి గనుక ఆయన్ని మా ట్రక్కులో, మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టాం. యాభై రెండు మైళ్ళు. కిటికీలు మూసే ఉంచాను, అమ్మమ్మకు చలి.

"నొప్పిగా ఉందా బాబూ?" అంది అమ్మమ్మ, మూడు పళ్ళేల ర్యాంపులు తిన్న నోటితో, ఆయన ముఖం మీదకు వంగి.

"కొంచెం, అమ్మగారూ."

"ఇంకెంతలే, నలభై మైళ్ళే. మలుపులు లెక్కపెట్టుకో. నేనలాగే చేస్తా, బుధవారం ఒకసారి, శనివారం ఒకసారి."

"మీకేమైందండీ?"

"షుగరు. కాలిమీద పుండు మానట్లేదు. మా అమ్మాయే కట్టు కట్టేది, ఇంటికి రెండు మైళ్ళలో. ఎవడో పుణ్యాత్ముడు ఆ క్లినిక్ మూయించాడులే."

ఆయన కాసేపు వేలు చూసుకున్నాడు. "అన్నిచోట్లా ఖర్చు తగ్గించాల్సి వస్తోందమ్మా."

"తగ్గించాం కదయ్యా. పెట్రోలుకు లేనప్పుడు బుధవారాలు వెళ్ళడం మానేశాం."

బెల్‌బరోలో ఆయన తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి, "నేను ఈ జిల్లా ప్రతినిధిని" అన్నాడు.

"ఇక్కడందరూ ఈ జిల్లావాళ్ళేనండీ," అంది బల్ల వెనకున్న పిల్ల తలెత్తకుండానే. "ఇంట్లో ఎంతమంది, ఆదాయమెంత, ఈ ఫారం నింపండి. ముప్పై ఒకటో నంబరు." కట్టు కట్టిన చేత్తో కాగితం అదిమిపట్టి నింపాడు. రెండు గంటలు కూర్చున్నాడు.

ఇంతవరకూ చదివి నవ్వి ఉంటావు. ఇక్కడితో ఆపేయాలని నాకూ ఉంది.

అమ్మమ్మ కట్టు విప్పిన డాక్టరు దీపం దగ్గరికి లాగి పుండు చూశాడు. తర్వాత నన్ను వసారాలోకి పిలిచి, "వారానికి రెండుసార్లు చూసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అన్నాడు. సోమవారం జిల్లా ఆసుపత్రిలో కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది, "సెలవు పెట్టి పరిగెత్తుకొస్తే ఆ ఉద్యోగమూ పోతుంది" అని. ఒట్టు తప్పుతున్నాను. జ్వరం లేదు, గాయం శుభ్రంగా ఉంది, నర్సులను తిడుతోంది. నువ్వు రావాలి.

విట్లో గారికి ఆరు కుట్లు పడ్డాయి. పత్రికలో బొటనవేలు పైకెత్తి నవ్వుతూ, ఇలాంటి క్లినిక్కులే మన కొండలకు గుండెకాయ అన్నాడు. బుధవారం మళ్ళీ ఆ నిధి మీదే ఓటింగు. వద్దని బొత్తాం నొక్కాడు. ఏ వేలితో నొక్కాడో రాయలేదు.

ఇక ఒక్కటి మిగిలింది. ఆ రోజు వంటగుడ్డ బిగించాక రోండా నన్ను పక్కకు లాగి, "లోపల కుట్ల సామాను ఇంకా అలాగే ఉంది. నా లైసెన్సు పోతే పోనీ, పది నిమిషాల పని. నీ దగ్గర తాళంచెవి ఉందా?" అంది. ఆఫీసు వాళ్ళకు ఇచ్చేశానన్నాను. వాళ్ళకిచ్చింది తాతయ్య ట్రాక్టరు షెడ్డుది. క్లినిక్‌ది రెండు నెలలుగా నా జేబులోనే ఉంది. ఆయన ఆ యాభై రెండు మైళ్ళూ వెళ్ళాలనే అబద్ధమాడాను. ట్రక్కులో మూడో మలుపు దగ్గర గానీ తట్టలేదు, అడిగి ఉంటే ఫిబ్రవరిలోనే రోండా ఆ లైసెన్సు పణం పెట్టి, నా తాళంచెవితో లోపలికెళ్ళి మన అమ్మమ్మకు కట్టు కట్టేదని. నేను అడగలేదు. రూలు ఒప్పుకోదనుకున్నాను.

మిగిలినదంతా ప్రభుత్వం చేసింది. నేను చేసింది ఇదొక్కటే.

ఇట్లు,
నువ్వు తిట్టబోయే నీ ఒక్కగానొక్క కొడుకు,
కోల్బీ