మెలితీగ కళ్లెం

చిన్నోడికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నామని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నా కింది పెదవికి మాత్రం మూడు కుట్లు పడ్డాయి. కంగారుపడకు, అదెలాగో చివర్లో చెబుతాను. ఉత్తరం మొత్తం చదివేదాకా పార్సిల్ విప్పకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్నకి చలికాలం కదా, దవడ లాగేస్తోంది. మెత్తగా చేసి పెడితే తింటున్నారు. గుర్రాలకి లాడాలు కొట్టడం మానమంటే సుత్తి నా వైపు చూపిస్తారు. మన ముసలి ఆడగుర్రం బాగానే ఉంది, సణుగుడులో నన్ను మించిపోయింది. నీ పక్కటెముకలు అతుక్కునేదాకా బరువులెత్తకు. చెబితే వినే రకం కాదని తెలిసీ చెబుతున్నాను.

ఇక నీ గుర్రప్పిల్ల సంగతి. పగ్గం పట్టగానే తల విసురుతోందనీ, నిన్ను కంచెకేసి కొట్టిందనీ, నెలాఖరులోగా లొంగకపోతే మీ యజమాని కసాయికి పంపేస్తానన్నాడనీ రాశావు. అందుకని నాన్న పెట్టెలో ఉన్న మెలితీగ కళ్లెం పంపమన్నావు. "దాంతో నాలుగు గుంజులు గుంజితే చచ్చినట్టు వింటుంది" అన్నావు. పోలికలెక్కడికి పోతాయి, ఒకప్పుడు ఆ మాటన్నది నేనే.

కళ్లెం ఎంచుకోవడమంటే బజార్లో ఇనుము చూడటం కాదురా, గుర్రం నోరు చూడటం. ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య పళ్లు లేని చిగురు ఉంటుంది. ఇనుము కూర్చునేది అక్కడే. లావు ఇనుము ఆ చిగురుని నొక్కుతుంది, సన్నది కోస్తుంది, తీగలు మెలేసింది రంపంతో సమానం. మా నాన్న, అదే మీ తాతయ్య, కొట్టంలో ఒక కట్టడి ఉండేది. కొత్త కళ్లెం ఏదైనా ముందు మన నోట్లో పెట్టుకోవాలి, పగ్గాలు ఇంకొకరు లాగాలి, ఆ తర్వాతే గుర్రానికి. "నీ నోరు ఒప్పుకోనిది దాని నోరెందుకు ఒప్పుకుంటుందే?" అనేవాడు నాతో. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

నల్లోడు గుర్తున్నాడు కదా. నీకు తెలిసిన కథ ఇంతే: వాడు పొగరుబోతు గుర్రం, నాన్న దవడ పగలగొట్టాడు, అప్పటి మా యజమాని కాల్చేశాడు. ఆ కథ నేను అల్లింది.

ఆ పొద్దున నల్లోడు నన్ను మూడోసారి కింద పడేశాడు. చూస్తున్నవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న లాడాల సంచీ కోసం లోపలికెళ్లగానే వాడి లావు కళ్లెం విప్పి మెలితీగది వేశాను. నా నోట్లో పెట్టుకుని చూడలేదు. నొప్పి పుట్టాలనే వేస్తున్నప్పుడు చూడటమెందుకు?

ఎక్కి రెండు చేతులా లాగాను. రక్తపు నురగ నా మోకాలి మీద చిందింది. ఇంకా లాగాను. వాడు నిలువునా లేచాడు. నాన్న పరిగెత్తుకొచ్చి తాడు పట్టుకుని "వదులు, వదలవే!" అని అరిచారు. నేను వదల్లేదు. ముందుకాలి డెక్క ఆయన దవడ మీద దిగింది, ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. నేను ఎగిరి గోడ పక్కన పడ్డాను. కిందపడ్డ నాన్నని వాడు రెండుసార్లు తొక్కాడు. సగం తెగిన నాలుక వేలాడుతుంటే రాతి గోడకేసి తల బాదుకున్నాడు. యజమాని తుపాకీ తెచ్చాడు. మొదటి తూటా మెడలో దిగింది, చావలేదు. రెండోది చెవి వెనక.

అందరూ నాన్న చుట్టూ మూగినప్పుడు నేను కళ్లెం మార్చేశాను. నాలుకేమైందని అడిగితే పడ్డప్పుడు కొరుక్కున్నాడన్నాను. కానీ మెలితీగది ఊడదీస్తుంటే నా వేలికి ఒకటి గుచ్చుకుంది. సరిగ్గా ఇనుము ఆనే చోట, చిగురులోంచి ముల్లులా పొడుచుకొచ్చిన చిన్న పన్ను. మామూలు కళ్లెం తగిలినా వాడికి ప్రాణం పోయేది. అది పొగరు కాదురా, నొప్పి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నోట్లో వేలు పెట్టి చూడని నేను వాడికి పొగరని పేరు పెట్టాను.

సాయంత్రం నువ్వు బడినుంచి వచ్చి చచ్చిన నల్లోడి పొట్టలో కాలితో తన్నావు. "బాగా అయింది" అన్నావు. నేను చూస్తూ ఊరుకున్నాను. పదహారేళ్లుగా అలాగే ఊరుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాక ఇక దాచలేకపోయాను. నాన్నకి అంతా చెప్పేశాను. ఆయన లేచి వెళ్లి పెట్టె అడుగునుంచి ఆ కళ్లెం తీశారు, పగ్గాలు తగిలించారు, నా ముందుంచారు. ఆ దవడతో ఆయన మాట మనకి తప్ప ఎవరికీ అర్థం కాదు కదా.

"మీ నాన్న కట్టడి," అన్నారు. "పెట్టుకో."

పెట్టుకున్నాను. వెనక నిలబడి ఒక్కసారే లాగారు. నువ్వు రాసిన నాలుగు గుంజుల్లో అది ఒక్కటి కూడా కాదు. పెదవి చీలింది, కింది పన్నొకటి ఊడి నాలుక మీద పడింది. నా కేకకి ఆయన పగ్గాలు వదిలేశారు. నా తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చారు, తన దవడ కోసం కాదు. "పాపం నల్లోడు, పాపం నల్లోడు" అంటూ చాలాసేపు ఏడ్చారు. కుట్లు వేసిన డాక్టరు ఎలా తగిలిందమ్మా అంటే అలవాటుగా గుర్రం తన్నిందనబోయి ఆగాను. నా తప్పేనండీ అన్నాను.

పార్సిల్లో రెండు ఉన్నాయి. లావుది నల్లోడి పాత కళ్లెం. ముందు నీ గుర్రప్పిల్ల నోట్లో వేలు పెట్టి రెండు వైపులా తడుము. ముల్లుపన్ను ఉంటే పశువుల డాక్టరు చేత తీయించు, చిగురు మానేదాకా ఏ ఇనుమూ వేయకు, ఆ తర్వాత లావుది వెయ్యి. అంతదాకా ఆగమని మీ యజమాని కాళ్లు పట్టుకోవాల్సివస్తే పట్టుకో.

రెండోది నువ్వడిగిందే. పెద్దవాడివయ్యావు, వద్దనను. కాకపోతే దాని నోట్లో పెట్టే ముందు నీ నోట్లో పెట్టుకుని, పగ్గాలు మీ యజమాని చేతికివ్వు. ఆ కళ్లెం కడగకుండానే పంపుతున్నాను.

ఇట్లు,
పన్నొకటి తక్కువైన మీ అమ్మ