మా ఇంటి గ్లాసు

మంగళవారం, బెళ్ళందూరు

మా ఆయన ఇతరుల ప్రోగ్రాముల కోసం రాసిన లైబ్రరీ కోడ్, దాన్ని యంత్రభాషలోకి మార్చే ఇక్కడి కంపైలర్‌తో బాగానే నడుస్తోంది, వాడేవాళ్ళ కంపైలర్‌తో లెక్క తప్పుతోంది. రేపటికి సరిచేయకపోతే ఆ పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తారట. సాయంత్రం నుంచి ఆయన ఏమీ తినలేదు.

అప్పుడే పై ఇంటి సవితక్క వచ్చింది. "ఏమ్మా, నువ్వు చెప్పినట్టే గ్లాసు బియ్యానికి రెండు చెంచాల ఉప్పు వేస్తి. పులిహోర ఒకటే ఉప్పు, నోట్లో పెట్టేదానికి లేకుండా ఉండాది!"

"మా గ్లాసు పెద్దదక్కా. మీదీ అంతే ఉంటుందనుకున్నా."

ఆయన తలెత్తారు. "మళ్ళీ చెప్పు." తప్పు మాట్లాడానేమోనని భయమేసింది.

"నేనూ అదే చేశా," అన్నారాయన. "ఇక్కడి కంపైలర్ ఎనిమిది బైట్ల చోటిచ్చే సంఖ్యకు అక్కడిది నాలుగే ఇస్తుంది. కొలత రాయకుండా వదిలేశా."

ఆయన కొలత రాసి మళ్ళీ నడిపితే ఆ రెండు కంపైలర్లలో లెక్క సరిపోయింది. జాగ్రత్తకని పెట్టిన మూడోదానిలో పరీక్ష ఇంకా నడుస్తోంది. ఆయన మాత్రం అన్నం పెట్టమన్నారు. సవితక్కకు పావుకిలో బియ్యానికి ఎన్ని గ్రాముల ఉప్పో తూకంతో రాసిపెట్టాను.